పాలతాలికల పంచాయితీ

"తేది: 2025 ఆగస్టు 24, ఆదివారం. స్థలం: అమలాపురం, అధ్యక్షులవారి స్వగృహం. హాజరైనవారు: అధ్యక్షులు శ్రీ వెంకటసాయిరాం గారు, కార్యదర్శి శ్రీ బాలగంగాధరం గారు, పిలువబడినవారు శ్రీమతి రెబెకా గారు, మరియు ఇంటివారు."

అధ్యక్షులవారైన భర్త చెబుతూ ఉండగా రాసుకుపోతున్న శ్రీకళ కలం ఆఖరి మాట దగ్గర ఒక్క క్షణం ఆగింది. ఆ 'ఇంటివారు' ఇద్దరే. ఎనభై దాటిన అత్తగారు శేషమ్మ ఒకరు, తాను రెండోవారు. తన పేరు లేని హాజరుపట్టీని తన చేతివ్రాతతోనే సిద్ధం చేయడంలో ఉన్న సొగసు ఆమెకు కొత్త కాదు. వేరే ఊళ్ళో జూనియర్ కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పే మనిషి ఈ గడప లోపలికి వచ్చేసరికి బహువచనంలో కరిగిపోవడం చాలా ఏళ్ళుగా జరుగుతున్న ప్రయోగమే.

కిందటి వారం మనం ఈ ఇంటిని విడిచిపెట్టేసరికి అచ్చుప్రతులు బల్ల మీద పరిచి ఉన్నాయి. రాజోలు నుంచి ఆలమూరు దాకా ఉన్న కుటుంబాలు తమకు ఇష్టమైన పండుగ వంటనూ, దానితో ముడిపడిన ఇంటి ఆచారాన్నీ రాసి పంపితే, వాటిని 'కోనసీమ పండుగ వంటలు' అనే సంకలనంగా తేవాలని వెంకటసాయిరాం అధ్యక్షుడిగా ఉన్న సంఘం తలపెట్టింది. పనసాకు బుట్టల్లో ఉడికే పొట్టిక్కలు వచ్చాయి, ఆవ పెట్టిన పనసపొట్టు కూర వచ్చింది, రంజాను సేమ్యా వచ్చింది. వాటి మధ్య ఒకే వంట రెండు ఇళ్ళ నుంచి వచ్చింది. వినాయకచవితి శీర్షిక కింద అధ్యక్షులవారి ఇంటి కొబ్బరిపాల తాలికలు. క్రిస్మస్ శీర్షిక కింద, కొత్తపేటలో హెడ్‌మిస్ట్రెస్‌గా పనిచేస్తున్న రెబెకా రాసిన, ఆమె తల్లి స్వర్గీయ సుందరమ్మ టీచరుగారి కొబ్బరిపాల తాలికలు. బియ్యప్పిండి తడపడం దగ్గర నుంచి చివర నిమ్మాకు వేసి మూత పెట్టడం దాకా, పండుగ పేరు తప్ప మరేదీ తేడా లేదు.

ఆ తేడా లేకపోవడమే ఇవాళ్టి నేరం.

వెంకటసాయిరాం ఈ సమావేశానికి శాలువా కప్పుకున్నాడు. ఆగస్టు ఉక్కలో, సొంత హాల్లో, తన ఫ్యాను కింద కూర్చుని శాలువా కప్పుకోగల మనిషి సామాన్యుడు కాదు. సంస్కృతం బోధించి రిటైరైన ఆయనకు వంటల గురించి తెలియని శ్లోకం లేదు. గ్యాసు పొయ్యి ఏ వైపు తిప్పితే వెలుగుతుందో మాత్రం ఆయనకు ఇంతవరకూ అవసరపడలేదు. తన ఇంటి తాలికల మీద ఆయన రాసిన ముందుమాట, వంట కన్నా పొడుగైనది, 'ద్వావింశతి పత్ర రహస్యం' అనే పేరుతో పుస్తకానికి తలమానికం కాబోతోంది. చవితిపూజకు లోకమంతటికీ తెలిసిన పత్రి ఇరవై ఒక్కటి. ఇరవై రెండోది నిమ్మాకు; దానిని పూజలో కాక నైవేద్యంలో దాచి, తరతరాలుగా కాపాడుకొస్తున్న ఒకే ఒక్క వంశం తమది. ఇదీ ఆ వ్యాసంలోని సిద్ధాంతం. దానికి ప్రమాణాలు పదకొండు పుటలు. ఆ పుటలన్నీ శ్రీకళ తిరగరాసి సాఫు చేసి ఇచ్చినవే.

"రెబెకా మేడమ్ గారూ, అపార్థం చేసుకోకండి. దొంగతనం అనే మాట నేను వాడను," అన్నాడాయన. అలా అనడం అప్పటికి మూడోసారి.

"మీరు వాడక్కర్లేదండి. ఈ కాగితం మీద 'అనుకరణ' అని టైపు చేయించేరు కదా, అది చాలు," అంది రెబెకా. ఆమె ముందు బల్ల మీద, సంతకానికి సిద్ధంగా, తన వంటను 'స్వచ్ఛందంగా' ఉపసంహరించుకుంటున్నట్టు ఒక కాగితం ఉంది. ఆమె దానిని ముట్టుకోలేదు. పరీక్షలో చీటీ దొరికిన పిల్లవాడి వైపు చూసే చూపుతో దానిని చూస్తోంది.

"ఆయ్, అనుకరణంటే దొంగతనమంత కాదండి," అన్నాడు బాలగంగాధరం సర్దిచెబుతున్నట్టు. "కొంచెం తక్కువండి."

"ఎంత తక్కువండీ? పావు తక్కువా?"

బాలగంగాధరం అధ్యక్షుడి మొహం చూశాడు. అక్కడ జవాబు కనిపించకపోయేసరికి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయనకు అభిప్రాయాలు లేవని కాదు. వెంకటసాయిరాం నోట వెలువడిన మరుక్షణమే ఆయనకు అవి కలుగుతాయి.

"చూడండమ్మా," అన్నాడు వెంకటసాయిరాం, గొంతులోకి దయ తెచ్చుకుని. "తాలికలు ఎవరైనా చేసుకోవచ్చు. కొబ్బరిచెట్లున్న చోట కొబ్బరిపాలు పొయ్యడం వింత కాదు. కానీ దించాక నిమ్మాకు వేసి మూత పెట్టడం ఉంది చూశారూ, అది మా వంశ రహస్యం. ఏడు తరాలది. ఆ ఆకెందుకో తెలియని ఇంట్లో అది ఉండడానికి వీల్లేదు. మీ అమ్మగారు ఎందుకేసేవారో మీకు తెలుసా?"

"తెలుసండి. పొగ కంపు పోడానికి."

"పొగ..." వెంకటసాయిరాం ఆ మాటను నోట్లో పురుగు పడ్డట్టు పలికాడు.

"క్రిస్మస్‌కి మా పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి మీద కొబ్బరిమట్టలు మండించి వీధి వీధంతటికీ వండేవారండి. కొబ్బరిపాలు పొగని ఇట్టే పట్టేస్తాయి. దించగానే నాలుగు నిమ్మాకులు పడేసి మూతేస్తే ఆ వాసన పోతుంది. అందులో రహస్యమేం లేదండి. ఎవరడిగినా చెప్పేది మా అమ్మ."

వెంకటసాయిరాం కార్యదర్శి వైపు తిరిగి చిరునవ్వు నవ్వాడు. శ్రీకళకు ఆ చిరునవ్వు పెళ్ళినాటి నుంచి పరిచయం. తెలియనివాళ్ళను క్షమించేటప్పుడు పెట్టే నవ్వు అది. తెలిసినవాళ్ళ మీద కూడా అదే వాడతాడు.

"చూశారా గంగాధరం గారూ? అర్థం తెలీకుండా ఆచారాన్ని ఎత్తుకుపోతే ఇలాగే ఉంటుంది. పత్రిలోది పోపులోకి పోతుంది."

"ఆయ్, పోపులోకేనండి."

ఇంతలో నడవ గుమ్మం దగ్గర చేతికర్ర చప్పుడైంది. శేషమ్మ ఎప్పుడు వచ్చి నుంచుందో ఎవరూ గమనించలేదు. ఆ ఇంట్లో ఆడవాళ్ళ రాకపోకలు గమనించే అలవాటు ఎవరికీ లేదు.

"ఒరే సాయీ, ఆ పిల్ల చెప్పింది నిజమేరా," అంది ఆవిడ. "కాపోతే మనింట్లో పొగ కాదు. మాడు."

శ్రీకళ లేచి కుర్చీ జరిపింది. శేషమ్మ కూర్చుని, ఊపిరి తీసుకుని, కొడుకు వైపు కాకుండా రెబెకా వైపు చూస్తూ మొదలుపెట్టింది.

"మీ అమ్మ సుందరమ్మే కదూ? నీ పేరు విన్నప్పుడే అనుకున్నాను. అప్పట్లో మేము ముమ్మిడివరంలో ఉండేవాళ్ళం. మా పెరటి గోడ అవతల బడి టీచర్లకిచ్చిన ఇల్లు. మీ అమ్మ అందులో ఉండేది. నేను కాపరానికొచ్చిన రెండో చవితి అది. మా అత్తగారు హాల్లో పాలవెల్లి కడుతోంది. నేను మడి కట్టుకుని వంటింట్లో ఒక్కదాన్నే తాలికలకి కూచున్నాను. ఆవుపాలు మరుగుతూంటే బెల్లం వేసేశాను. దించి చల్లారేక వెయ్యాలని నాకెవరు చెప్పేరు? పాలు విరిగిపోయేయి. గాభరాలో గరిటె తిప్పడం మానేశాను, అడుగంటింది. వేరే పాల కోసం బయటికెడితే మడి పోతుంది. చెబుదామంటే మా అత్తగారి నోరు... నీకు తెలుసు కదరా సాయీ మీ నాయనమ్మ నోరు?"

వెంకటసాయిరాం వ్యాసంలో ఆ నాయనమ్మ 'మితభాషిణి'.

"పెరటి గుమ్మంలో నుంచుని ఏడుస్తున్నాను. గోడవతల బట్టలారేస్తున్న సుందరమ్మ, 'ఏమైందండీ?' అంది. చెప్పేను. 'లోపల కొబ్బరికాయలున్నాయా?' అంది. మడికాయలు బుట్టెడున్నాయి, నైవేద్యానివి. 'అయితే ఏడుస్తారెందుకండీ, తురిమి పాలు తియ్యండి. రెండోసారి పిండిన పల్చటి పాలల్లో తాలికలు ఉడికించండి, బెల్లం వేసినా విరగవు. దించేక చిక్కటి పాలు పొయ్యండి,' అంటూ ఒక్కో మాటే గోడ మీంచి అందించింది. మనిషి తగిలితే మడి పోతుంది గాని మాట తగిలితే పోదు కదమ్మా! ఉన్న మడిగిన్నె అదొక్కటే. ఎంత తోమినా మాడు వాసన వదల్లేదు. 'నిమ్మాకు వెయ్యండి' అంది. మా పెరటి నిమ్మచెట్టుదే వేశాను. అదిరా నీ ఇరవై రెండో పత్రి."

బయట ఆటో ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది.

"తాతగారు..." అన్నాడు వెంకటసాయిరాం చివరికి. "తాతగారు స్వయంగా చెప్పేరు, ఇది తమ నాయనమ్మ కాలం నుంచీ..."

"చెప్పేరు. నైవేద్యం కాకుండా రుచి చూడకూడదు కదా, అందుకని విస్తట్లో వడ్డించేదాకా నా ప్రాణం గుప్పిట్లో ఉంది. మీ తాతగారు ఓ గరిటెడు తిని, కళ్ళు మూసుకుని, 'ఆహా! మా నాయనమ్మ తరవాత ఇలాంటి తాలికలు మళ్ళీ ఇవాళే తిన్నాను. మన వంశంలో ఇలాగే చేసేవారు,' అన్నారు. ఆయన అన్నాక మీ నాయనమ్మ ఊరుకుంటుందా? 'అవును, నేనే దగ్గరుండి చెప్పేను,' అంది. నాకేం, బతికిపోయేననుకున్నాను."

రెబెకా పెదవి చివర ఏదో కదిలి ఆగింది. శ్రీకళకు మాత్రం నవ్వు రాలేదు. ఏడు తరాలు! ఒక ముసలాయన నాలుక మీద ఒక్క మధ్యాహ్నంలో పుట్టిన ఏడు తరాలకు తాను పదకొండు పుటలు సాఫు చేసింది. మరొక సందేహం అప్పటికే ఆమె గొంతులోకి వచ్చి కూర్చుంది.

"అత్తయ్యగారూ, మరి మౌనం?"

చవితినాడు తాలికలకు కూర్చున్న కోడలు, అవి దించేదాకా పెదవి విప్పరాదు; పెరటి తలుపు తెరిచే ఉంచాలి. ఈ రెండు నియమాలనూ వెంకటసాయిరాం తన వ్యాసంలో 'వాక్సంయమనం' అనీ, 'గణపతి ఆగమన మార్గం' అనీ విడివిడిగా విస్తరించాడు.

శేషమ్మ కోడలి వైపు చూడలేకపోయింది. "మరుసటేడు నాకు కొలతలు గుర్తు లేవే అమ్మాయ్. పెరటి తలుపు తీసి ఉంచేను. సుందరమ్మ అవతల నుంచి చెప్పేది. నేను నోరు విప్పితే హాల్లోకి వినపడుతుందని తలే ఊపేదాన్ని. మీ మావగారి నాన్నగారు అటొచ్చి చూసి, కోడలు మౌనంగా వండుతోంది, ఎంత నిష్ఠో అన్నారు. అంతే. అది అలా ఉండిపోయింది."

శ్రీకళకు గుర్తుంది, ఒక చవితి ఉదయం, పొయ్యి మీద తాలికలు ఉడుకుతుండగా, పుట్టింటి నుంచి ఫోను మోగింది. మోగి, ఆగి, మళ్ళీ మోగింది. ఆమె చెయ్యి దాని మీదకు పోబోతే గుమ్మంలోంచి భర్త వేలెత్తి పెదవుల మీద పెట్టుకుని చూపించాడు. తాలికలు దించి, ఆకు వేసి, మూత పెట్టి తిరిగి ఫోను చేసేసరికి ఆసుపత్రిలో తండ్రికి మాట పడిపోయింది. ఆఖరిసారి ఆయన ఏం చెప్పాలనుకున్నాడో ఆమెకు తెలియదు. ఆ రోజు తాలికలు అద్భుతంగా కుదిరాయని ఈ శాలువా మనిషి మరోసారి వడ్డించుకున్నాడు.

ఇన్నేళ్ళూ ఆ మూగతనాన్ని ఆమె భక్తిగా కాకపోయినా కనీసం పాతదిగా గౌరవించింది. అది పాతది కూడా కాదట. మాడిన గిన్నెను దాచడానికి వేసిన మూతట.

"పిన్నిగారండీ," అంది రెబెకా నెమ్మదిగా. "మా అమ్మకి ఎప్పుడైనా పెట్టేరా? మీ తాలికలు?"

"లేదమ్మా. పెడితే ఎందుకని అడుగుతారు. అడిగితే చెప్పాలి."

"మా అమ్మ ప్రతి క్రిస్మస్‌కీ మీకు గిన్నెడు పంపేది."

"పంపేది."

"ఏం చేసేవారండీ?"

"మా అత్తగారు అరటిచెట్టు మొదట్లో పోయించేది."

"తెలుసండి," అంది రెబెకా. "మా గోడ అంత ఎత్తు కాదు కదా. కనపడేదని చెప్పేది మా అమ్మ. అయినా ఏడాదేడాదీ పంపేది. ఎందుకో ఇవాళ్టిదాకా నాకర్థం కాలేదు. ఆ అరటిచెట్టు బాగా గెలలేసుంటుంది."

అధ్యక్షుడికి మాట దొరికింది. వెంకటసాయిరాం శాలువా సర్దుకున్నాడు. "అమ్మకి వయసు మీద పడింది. ఏవేవో కలిసిపోతున్నాయి. శ్రీకళా, ఇదేదీ మినిట్సులో రాయకు."

"రాసేసేనండి."

"కొట్టెయ్!"

"బాల్‌పెన్నండి. కొట్టేసినా కనపడుతుంది."

ఆయన బల్ల మీది రెండో కాగితాన్ని ఆమె ముందుకు తోశాడు. ఈ వంట ఏడు తరాలుగా తమ వంశంలో మాత్రమే ఉన్నదనీ, అత్తగారి ద్వారా తాను నేర్చుకున్నాననీ గృహిణి ధ్రువీకరించే కాగితం అది. మినిట్సులో పేరు లేకపోయినా దాని అడుగున మాత్రం శ్రీకళ పూర్తిపేరు టైపు చేసి ఉంది. అబద్ధం దగ్గరికి వచ్చేసరికి ఆమె బహువచనం కాదు.

"రేపు అచ్చుకెళ్ళాలి. పెట్టు సంతకం. ఆవిడ కూడా ఉపసంహరణ మీద పెడుతుంది. వాళ్ళమ్మ పరువు కోసమైనా పెడుతుంది. నువ్వు పెట్టకపోతే బుధవారం చవితికి వంటింట్లో అడుగు పెట్టనక్కర్లేదు."

శ్రీకళ ఆయన వైపు చూసింది. "మన పెళ్ళయిన దగ్గర్నుంచీ మీ నోటంట వచ్చిన మంచి మాట ఇదొక్కటేనండీ," అంది.

తరువాత ఆ కాగితాన్ని తిరగేసింది. వెనక పుట ఖాళీగా, తెల్లగా ఉంది. లాబు పుస్తకంలో పరిశీలనలు రాసే పొందికతో, విశేషణం ఒక్కటీ లేకుండా రాసింది: కొబ్బరిపాల తాలికలు ఈ ఇంటికి ముమ్మిడివరంలో పెరటి గోడ మీంచి సుందరమ్మ టీచరుగారు చెప్పగా వచ్చాయి, నిమ్మాకు మాడు వాసన పోవడానికి, మౌనం, చెబుతున్నది ఇంట్లోవాళ్ళకు తెలియకుండా ఉండడానికి. పైకి చదివింది. శేషమ్మ విని, "ఆవిడకి ఒక్కసారీ పెట్టలేదని కూడా రాయవే," అంది. శ్రీకళ రాసింది.

శేషమ్మ ఒక్కో అక్షరాన్నీ ముగ్గుచుక్కలా చూసుకుంటూ సంతకం చేసింది. సాక్షిగా శ్రీకళ తన సంతకం పెట్టి, కాగితాన్ని కార్యదర్శి వైపు జరిపింది.

"ఆయ్, నేను... కళ్ళజోడు మర్చిపోయేనండి," అన్నాడు బాలగంగాధరం. తుడుచుకున్న కళ్ళజోడు ఆయన నుదుటి మీద మెరుస్తోంది.

"పరవాలేదండి," అంది రెబెకా. "మీరు చూడకపోవడం కూడా మేము చూసేం."

శ్రీకళ కాగితాన్ని ఆమెకు అందించబోయింది. రెబెకా చెయ్యి చాపలేదు.

"ఇప్పుడు పుచ్చుకోనండి. కాగితం చేతిలో పెట్టి మళ్ళీ గోడవతలికి పంపించేస్తే ఎలాగండీ? అదైతే మా అమ్మకి ముందే జరిగింది." ఆమె లేచి చేతిసంచి భుజానికి తగిలించుకుంది. "బుధవారం వస్తాను. వీధి గుమ్మంలోంచే వస్తాను. మీ వంటింట్లో పీట వెయ్యండి. తాలికలు నేను చేస్తాను, మాట్లాడుతూనే చేస్తాను. అందరితోపాటు కూచోబెట్టి నాకు వడ్డించండి. అప్పుడు పుచ్చుకుంటాను, మా అమ్మ తరఫున. కుదరదంటారా, ఆ కాగితం మీ దగ్గరే ఉంచుకోండి. అరటిచెట్లకి కరువేమీ లేదు కదా."

"ఆవిడ వంటింట్లోకొస్తే ఈ ఇంట చవితి లేదు!" అన్నాడు వెంకటసాయిరాం, తల్లితోనో భార్యతోనో తేల్చుకోలేక గోడతో. "పూజపీట మీద నేను కూచోను."

ఎవరూ బతిమాలలేదు. అది ఆయన ఊహించని సంగతి. రెబెకా శేషమ్మకు మాత్రం నమస్కారం పెట్టి మెట్లు దిగింది. బల్ల మీద ఆమె సంతకం చెయ్యని కాగితం ఫ్యాను గాలికి కొట్టుకుంటోంది. బాలగంగాధరం కాసేపు ఎటు వెళ్ళాలో తేలక నుంచుని, అధ్యక్షుడి వెనకే వరండాలోకి నడిచాడు.

శ్రీకళ అత్తగారిని గదిలో కూర్చోబెట్టి వంటింట్లోకి వచ్చింది. వరండాలోంచి భర్త గొంతు ఫోనులో వినిపిస్తోంది, శాలువా జారిపోయిన గొంతు: "ప్రెస్సు త్రిమూర్తులేనా? రేపటిదాకా ఎందుకోయ్, ఇవాళే మిషనెక్కించెయ్యి. ఆ క్రిస్మస్ తాలికల పేజీ తీసెయ్యి... ఆఁ, సంతకాలన్నీ అయిపోయేయి."

పక్కనుంచి బాలగంగాధరం గొంతు, "ఆయ్, అయిపోయేయండి," అంది.

శ్రీకళ అటక కింది అరలోంచి చవితి బెల్లం డబ్బా దింపి మూత తీసింది. కాగితాన్ని మడిచింది, మళ్ళీ మడిచింది. బుధవారం తాలికలకు కూర్చునే మనిషి తప్ప మరొకరు ఆ డబ్బా తెరవరు. ఆ మనిషి ఎవరన్నది ఈ మూడు రోజుల్లో తేలాలి. బెల్లం అచ్చుల మధ్య కాగితాన్ని దోపి, మూత బిగించి, డబ్బాను యథాస్థానంలో పెట్టేసింది. పెరటి తలుపు తెరిచే ఉంది. ఆమె దానిని మూయలేదు.